పదహారు తెలుపులు

నకూరు ఊళ్ళో, ఫోన్లు బాగుచేసే కొట్టు పైన
నా కుర్చీ. కిటికీ తెరిస్తే మటాటు వ్యాన్ల హారన్లు,
మూస్తే కంప్రెసర్ రొద.
పదహారు పింగాణీ పళ్ళు గుచ్చిన పట్టీని
పెదవి పక్కన ఆనించి చూస్తాను,
వచ్చినవాళ్ళది ఏ తెలుపో చెప్పడానికి.
వాళ్ళేమో తెలుపంటే ఒక్కటే అనుకుని వస్తారు.

లారీ డ్రైవర్ ఒవూర్ వస్తాడు.
ఎల్డొరెట్ నుంచి మొంబాసా దాకా
నిద్రని ఆపడానికి నమిలిన మీరా కాడలు, సిగరెట్లు,
ఫ్లాస్కులో మరిగి మరిగి నల్లబడ్డ టీ.
ఇది గార, గీకితే పోతుంది అంటాను. పోతుంది.
ముప్పావుగంటలో అతని రోడ్డంతా
పెచ్చులు పెచ్చులుగా బేసిన్‌లోకి జారుతుంది.
"మళ్ళీ సోమవారం అదే రోడ్డు కదా డాక్టర్"
అని ఇకిలించి చూపించి వెళ్తాడు.

పాస్టర్‌గారి ముందుపన్ను ఒక్కటే బూడిదరంగు.
తొమ్మిదో ఏట గోల్‌పోస్టుకి కొట్టుకున్నాడట.
లోపల నరం చచ్చిపోయింది,
పన్ను మాత్రం ఆ సంగతి తెలియనట్టు
నలభై ఏళ్ళుగా ప్రసంగాలు చేస్తోంది.
దానికి మందు వెనకవైపు నుంచి పెట్టాలి.

గథోని సంగతి వేరు.
పన్నెండేళ్ళు రేడియోలో వార్తలు చదివింది.
గొంతుకి పళ్ళు కనపడవు.
ఇప్పుడు టీవీవాళ్ళు పిలిచారు.
నవ్వు రాకముందే ఆమె చెయ్యి లేస్తుంది,
ఈగని తోలినంత అలవాటుగా.
నవ్వు నాలుగు విధాల చేటంటారు, ఆమెకి ఒక్క విధమే చాలింది.

తోముకోలేదని బళ్ళో టీచర్ బొగ్గుతో తోమించిందట.
తోమడం కాదు గథోనీ, తాగడం.
నువ్వు పుట్టిన ఏడు మీ న్జోరోలో బోరు వేశారు,
మేకని కోసి ఊరంతా పండగ చేసుకున్నారు.
అగ్నిపర్వతాల అడుగున పాతుకున్న ఫ్లోరైడ్
చల్లగా, తియ్యగా పైకొచ్చింది.
పళ్ళు ఇంకా బయటికి రాకముందే
ఒక్కో గ్లాసూ వాటి మీద సంతకం పెట్టింది.

నేను మాస్కు తియ్యను.
శుభ్రత కోసమనుకుంటారు. అనుకోనీ.
గిల్‌గిల్‌లో కూడా బోర్లున్నాయి.

పెదాలు విడదీసి, చిగుళ్ళకి అడ్డుకట్ట కట్టి,
పెరాక్సైడ్ జెల్ పూసి, పావుగంట. తుడిచి, మళ్ళీ పావుగంట.
మూడోసారికి ఆమె కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.
మంచు కొరికినట్టు జివ్వుమంటుంది, నాకు తెలుసు.
ముదురు మచ్చ తేనెరంగుకి దిగింది.
పక్కనున్న సున్నపు చుక్కలు మాత్రం
ఇంకా తెల్లబడి పైకి తేలాయి.
ఇలా అవుతుందని ముందే చెప్పాను.
వారంలో సర్దుకుంటాయనీ చెప్పాను.
రెండోది సగం నిజం.

రెండు రోజులు టీ వద్దు, కూర వద్దు,
ఉగాలి తిను, పాలు తాగు అన్నాను.
ఆమె అద్దం దించలేదు.
"హబారి జా జియోని" అంది, వార్తల గొంతుతో, అద్దానికి.
చెయ్యి సగం లేచి,
గాల్లోనే ఆగి, చెవిపోగు సర్దుకుంది.

తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి ఒక సోడా సీసా తీసింది.
నీళ్ళు.
"మా వీధి పంపువి. ముకామికి మూడేళ్ళు."

పాలపళ్ళు ఎలాగూ తెల్లగానే ఉంటాయి.
వాటి కింద, చిగురు లోపలి చీకట్లో,
రెండో వరస ఇప్పుడే పోత పోసుకుంటోంది.
నా దగ్గర దంతాలకి పట్టీ ఉంది, నీళ్ళకి లేదు.
పరీక్ష చేసే ల్యాబు అడ్రసు రాసిచ్చాను,
అందాకా వాన నీళ్ళు పట్టుకోమన్నాను,
వాన పడితే.

సీసాని కిటికీ గట్టు మీద మరిచిపోయి వెళ్ళింది.
సాయంత్రం ఎండ దాని గుండా వచ్చి
నా బల్ల మీద వణుకుతోంది.
పట్టీ తీసి పక్కన పెట్టి చూశాను, ఊరికే.
పదహారులో ఏదీ దాని రంగు కాదు.